చేప బేక్ చేస్తే చీజు సాసు విరిగింది, ట్రే నిండా నీళ్ళు. ఎక్కడ తప్పు చేశాను?

చలిపిడుగు | శనివారం రాత్రి 9:40
అందరికీ నమస్కారం. ఇక్కడ పులుసుల గొడవలన్నీ చదువుకుని వెళ్ళిపోయేదాన్నే గానీ ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు.

మేం ఉండేది స్కాట్లండులో, అబర్దీన్‌లో. మా బాబుకి ఏడేళ్ళు. బళ్ళో మధ్యాహ్నం భోజనానికి ఫిష్ పై పెడతారు, అది వాడికి ప్రాణం. పై అంటే పిండితో చేసిన పొర ఏమీ ఉండదు. అడుగున చేపముక్కలు, వాటి మీద చిక్కటి తెల్ల సాసు, ఆపైన మెత్తగా మెదిపిన బంగాళాదుంప, దాని మీద తురిమిన చీజు. ఓవెన్‌లో పెడితే పైన ఎర్రగా పెచ్చు కడుతుంది. వారం రోజులుగా వాన, సాయంత్రం నాలుగింటికే చీకటి. ఇలాంటి రోజునే చేద్దామని మొదలెట్టాను.

గడ్డకట్టిన హాడక్ చేప అర కిలో తెచ్చి, కరిగించి, మనం ఎలా కడుగుతామో అలాగే కడిగి, అర లీటరు పాలలో ఉల్లిపాయా ఆకూ వేసి ఉడికించాను. ఆ పాలతోనే సాసు. 50 గ్రాముల వెన్న, 50 గ్రాముల మైదా, తర్వాత పాలు, చివర 100 గ్రాముల చెడ్డార్ చీజు. సాసు రవ్వరవ్వగా వచ్చింది. సరే, ఓవెన్‌లో సర్దుకుంటుందిలే అనుకుని 200 డిగ్రీల దగ్గర అరగంట పెట్టాను. బయటికి తీస్తే చుట్టూ నీళ్ళు, మధ్యలో బంగాళాదుంప ద్వీపం.

బాబు రెండు చెంచాలు తిని, "బళ్ళో ఇలా ఉండదమ్మా" అన్నాడు. అది ఫరవాలేదు. మా అత్తగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు. ట్రేలోకి తొంగి చూసి, "చేపా పాలూ కలపకూడదని మేం చెబితే చాదస్తం. ఇప్పుడు పాలే చెప్పాయి" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

గట్టుమీద గువ్వ | 9:58
భీమవరం నుంచి. ఎదురుగుండా చెరువు, చెరువు నిండా చేపలు, వాటిని పాలల్లో ఉడికించడమేంటండీ బాబూ. ఆ అర కిలోకి చింతపండు పులుసు పెట్టుంటే ఈపాటికి ఇంటిల్లిపాదీ నిద్రపోయేవాళ్ళు.

సరదాకన్నాను, ఏమనుకోకండి. చెప్పండి, చీజు వేశాక సాసుని ఇంకా మరిగించారా?

చలిపిడుగు | 10:03
మరిగించానండి. కరగాలి కదా అని రెండు నిమిషాలు.

విశాఖ వంటోడు | 10:21
దొరికింది సగం. పదకొండేళ్ళు హోటల్ కిచెన్‌లో చేశాను, ఇప్పుడు మానేశాను, కాబట్టి నిర్మొహమాటంగా చెబుతా.

చీజు వేసేటప్పుడు కింద మంట ఉండకూడదు. గిన్నె దించాలి, ఒక నిమిషం ఆగాలి, అప్పుడు గుప్పెడు గుప్పెడు తురుము వేస్తూ కలపాలి. సాసు వేడికే కరుగుతుంది. మరిగిస్తే చీజులోని మాంసకృత్తులు బిగుసుకుని కొవ్వుని వదిలేస్తాయి. పైన నూనె తేలుతుంది, అడుగున రవ్వ మిగులుతుంది. బాగా ముగ్గిన చెడ్డార్ అయితే ఇంకా తొందరగా విరుగుతుంది. ప్యాకెట్‌లో ముందే తురిమి అమ్మేది తెచ్చారా? దానిలో తురుము అంటుకోకుండా పిండి పదార్థం చల్లుతారు, సాసు నునుపుగా రాదు. దిమ్మ కొని ఇంట్లో తురుముకోండి.

మైదా కూడా వెన్నలో కనీసం రెండు నిమిషాలు వేగాలి. రంగు మారకూడదు, పచ్చివాసన పోవాలి. పాలు ఒక్కసారే గుమ్మరించకుండా మొదట గరిటెడు, అది ముద్దయ్యాక ఇంకో గరిటెడు. ఫ్రెంచివాళ్ళు దీన్ని బెషమెల్ అంటారు, చీజు పడితే మోర్నే. మా హోటల్లో మెనూలో 'ఫిష్ మోర్నే' అని రాసేవాళ్ళం, వెయిటర్లందరూ 'మోర్నీ' అనేవాళ్ళు, పొద్దున్నే టిఫినేమో అనుకుని అడిగినవాళ్ళున్నారు.

కానీ ఒక్క అనుమానం. మైదా పడిన సాసు అంత సులువుగా విరగదు. పిండి అడ్డం పడుతుంది. మీది రవ్వరవ్వగా అయిందంటే చీజు కంటే ముందే ఏదో జరిగింది.

జనగామ జాంపండు | 10:40
అక్కా, మీ అత్తమ్మ చెప్పింది మా ఇంట్ల గూడ అంటరు. చేపలు తిన్న రోజు మా నానమ్మ పెరుగు గిన్నె దాచిపెడ్తుండె. పాలు తాగితే బొల్లి వస్తదని. నాకు ముప్పై ఏండ్లొచ్చినా చేపల కూర తిన్నంక చాయ్ తాగాలంటే ఇప్పటికీ జెర బుగులైతది. నిజమేనా గది?

తెల్లకోటు | 11:15
చర్మవ్యాధులు నా పని కాబట్టి ఇది నేను చెబుతాను.

బొల్లి అనేది శరీరం తన రంగు కణాల మీద తానే దాడి చేసుకోవడం వల్ల వచ్చేది. మెలనోసైట్లు అంటాం వాటిని. చేపతో పాలు కలిపి తినడం వల్ల వస్తుందనడానికి ఆధారం లేదు. అలా వచ్చేదే అయితే పాలలోనే చేప వండుకునే దేశాల్లో ఊళ్ళకు ఊళ్ళకు రావాలి. పాలు పడనివాళ్ళకి పాలు పడవు, చేప అలర్జీ ఉన్నవాళ్ళకి చేప పడదు. రెండూ వేర్వేరు సంగతులు.

అలాగని అత్తగారి మాటని ఎగతాళి చేయకండి. అది ఆవిడ కల్పించింది కాదు. చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో విరుద్ధాహారాల దగ్గర చేపా పాలూ ఉన్నాయి. రెండూ మధుర రసమే అయినా ఒకటి ఉష్ణం, ఒకటి శీతం కాబట్టి కలపకూడదని అక్కడి తర్కం. ఆ తర్కంతో నేను ఏకీభవించను. కానీ అంత పాత మాటని ఒక ట్రే ఫిష్ పైతో కొట్టేయలేం, అందులోనూ విరిగిన ట్రేతో.

చలిపిడుగు | 11:22
"విరిగిన ట్రేతో". చాలా బాగా చెప్పారు డాక్టరుగారూ, గుచ్చుకుంది.

ఖరగ్‌పూర్ కాలనీ | ఆదివారం ఉదయం 7:10
ఈ చర్చ చూసి నిద్రమత్తు వదిలింది. మా తాతగారిది శ్రీకాకుళం, రైల్వే ఉద్యోగం. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళకి కొదవ లేదు కదా, నేను పుట్టి పెరిగింది అక్కడే. మా క్వార్టర్స్ వెనక వీధిలో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. ఆ ఇంటి ఆంటీ క్రిస్మస్‌కి భేట్కి చేపని తెల్ల సాసులో బేక్ చేసేవారు. భేట్కి అంటే మన పండుగొప్పే. ఇంట్లో ఓవెన్ లేదు, అల్యూమినియం డెక్చీలో అడుగున ఇసుక పోసి, దానిలో పళ్ళెం పెట్టి, మూత మీద నిప్పులు. పైన పెచ్చు కోసం రస్కులు పొడి చేసి చల్లేవారు. అడుగున ఉడికించిన పాలకూర పరిచేవారు. పాలకూర ఉంటే దాన్ని ఫ్లోరెంటిన్ అంటారని నాకు ఎన్నో ఏళ్ళకి తెలిసింది, అప్పుడు మాకది 'ఆంటీ చేప' అంతే.

మా నాయనమ్మ ఆ పళ్ళేన్ని మడి గదిలోకి రానిచ్చేది కాదు, కానీ మమ్మల్ని వాళ్ళింట్లో తిని రమ్మనేది. తిన్నాక పుక్కిలించి లోపలికి రావాలి. బొల్లి ఎవరికీ రాలేదు.

అసలు మీ ఊళ్ళోనే జవాబు ఉంది చలిపిడుగుగారూ. అబర్దీన్‌కి దక్షిణాన ఫిండన్ అని చిన్న పల్లె. ఫిన్నన్ హాడీ అనే పొగబెట్టిన హాడక్‌కి ఆ పేరొచ్చింది అక్కడి నుంచే. దాన్ని వాళ్ళు తరతరాలుగా పాలలోనే ఉడికించుకు తింటున్నారు. విరిగిపోయేదే అయితే ఈపాటికి మానేసి ఉండేవాళ్ళు.

చలిపిడుగు | 8:05
ఫిండన్ మీదుగా వారానికోసారి వెళ్తాం! పేరు వెనక ఇంత ఉందని తెలీదు.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. విశాఖ వంటోడుగారూ, మీరన్నట్టు చీజు వేయకముందే, చేప ఉడుకుతున్నప్పుడే పాలలో తెల్ల పలుకులు కనిపించాయి. చేప తునకలేమో అనుకున్నాను.

నిమ్మచెక్క | 8:31
ఒక్క ప్రశ్న. "మనం ఎలా కడుగుతామో అలాగే కడిగి" అన్నారు. ఎలా కడిగారో కొంచెం వివరంగా చెప్పండి.

చలిపిడుగు | 8:44
ఎలా ఏముంది, ఉప్పు, పసుపు, నిమ్మకాయ పట్టించి పావుగంట ఉంచి…

అయ్యో.

గట్టుమీద గువ్వ | 8:46
😂😂😂 నిమ్మకాయ పిండిన చేపని పాలల్లో వేశారా తల్లీ. అది పై కాదు, పన్నీరు!

జనగామ జాంపండు | 8:47
దొంగ దొరికిండు.

నిమ్మచెక్క | 9:02
పేరు నాదే అయినా తప్పు నాది కాదని మనవి.

మన చేపకి నిమ్మరసం అలవాటు ఎందుకు వచ్చిందో తెలుసు కదా. చెరువు చేపకి మట్టి వాసన, సముద్రపు చేపకి నీచు వాసన. ఆ నీచు వాసన ఇచ్చే పదార్థాన్ని పులుపు కట్టిపడేస్తుంది. పులుసులో ఎలాగూ చింతపండే పడుతుంది కాబట్టి ఎంత నిమ్మ పిండినా నష్టం లేదు. పాలకి మాత్రం ఆ పులుపే శత్రువు. మీరు మళ్ళీ కడిగినా ముక్క లోపలికి ఇంకింది పోదు.

నీళ్ళ సంగతి కూడా ఇక్కడే ఉంది. గడ్డకట్టిన చేప కరిగేటప్పుడే నీరు వదులుతుంది. దానికి ఉప్పు పట్టించి పావుగంట ఉంచితే ఇంకా ఊరుతుంది. ఆ నీరంతా తుడవకుండా వేస్తే ట్రేలోకే వస్తుంది.

విశాఖ వంటోడు | 9:30
నిమ్మచెక్కకి దండం. నేను పదకొండేళ్ళు చేసి కూడా ఆ ప్రశ్న అడగలేదు, ఎందుకంటే మా కిచెన్‌లో చేప ఫిల్లెట్‌గా వచ్చేది, కడిగేవాళ్ళమే కాదు.

ఇప్పుడు మొత్తం సరిగ్గా చెబుతా. చేపని రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలోకి మార్చి నెమ్మదిగా కరగనివ్వండి. నీళ్ళు ఒంపి, పొడిగుడ్డతో గట్టిగా అద్దండి. ఉప్పు వద్దు, పసుపు వద్దు, నిమ్మ అసలే వద్దు. సగం మామూలు హాడక్, సగం పొగబెట్టిన హాడక్ తీసుకోండి. పొగ వాసనే నీచుని మింగేస్తుంది, అత్తగారికి కూడా ముక్కు దగ్గర ఇబ్బంది ఉండదు. పొగ చేపలో ఉప్పు బాగా ఉంటుంది, సాసులో ఉప్పు చివర రుచి చూసి మాత్రమే. మీ దగ్గర పసుపుపచ్చగా మెరిసేదీ ఉంటుంది, లేత గోధుమ రంగుదీ ఉంటుంది. ఆ పచ్చదనం రంగు కలిపినది, రెండోది తీసుకోండి.

పాలలో చేపని మరిగించకూడదు. అంచుల దగ్గర చిన్న బుడగలు కనిపించే వేడి మీద ఐదారు నిమిషాలు, ముక్క పొరలుగా విడిపోవడం మొదలవగానే తీసేయాలి. ఓవెన్‌లో ఇంకా ఉడుకుతుంది కదా. ఆ పాలు వడకట్టి సాసు చేయండి. అర చెంచా ఆవాల ముద్ద, చిటికెడు జాజికాయ, తెల్ల మిరియాల పొడి. ఆవాల ముద్ద చీజు రుచిని పైకి తెస్తుంది, ఘాటు తెలియదు.

బంగాళాదుంప తొక్కతీసి ఉడికించి, నీళ్ళు వంపాక మళ్ళీ అదే వేడి గిన్నెలో ఒక నిమిషం ఆవిరి పోనివ్వండి. ఇది చేయకపోతే పై నుంచి కూడా నీళ్ళే. పిండిగా విడిపోయే రకం కావాలి, మీ దగ్గర మారిస్ పైపర్ దొరుకుతుంది. మెదిపి వెన్నా కాసిని పాలూ పోసి, చల్లారిన సాసు మీద పరవండి. వేడి సాసు మీద వేస్తే మునిగిపోతుంది. మీ ద్వీపం అలా పుట్టిందే. పైన ఫోర్కుతో గీతలు గీయండి, ఆ గట్లే ఎర్రబడి కరకరలాడతాయి. ఫ్యాన్ ఓవెన్ అయితే 180, కాకపోతే 200. అంచుల్లో సాసు ఉబికి బుడగలు వచ్చేదాకా, పాతిక ముప్పై నిమిషాలు. తీశాక పది నిమిషాలు ముట్టుకోవద్దు.

గట్టుమీద గువ్వ | 10:12
నవ్వాను గానీ ఇప్పుడు నోరూరుతోంది. మా దగ్గర హాడక్ ఎక్కడిది? ఏ చేప వేయాలి? బొచ్చె, శీలావతి ఉన్నాయి ఎన్ని కావాలంటే అన్ని.

విశాఖ వంటోడు | 10:25
వద్దు. వాటి సన్నముళ్ళు పులుసులో అయితే చేత్తో వెతుక్కుంటూ తింటాం, సాసులో కనపడవు, చెంచాతో తింటే గొంతులో గుచ్చుకుంటాయి. పండుగొప్ప అన్నిటికన్నా మేలు, తెల్లటి పెద్ద పొరలుగా విడుతుంది. వంజరం వేయొచ్చు గానీ ఓవెన్‌లో తొందరగా పిడచ కట్టుకుపోతుంది, సాసు ఎక్కువ పోయాలి. ముళ్ళు లేవని ఫంగస్ చేప ఫిల్లెట్లు అమ్ముతారు, అది నీళ్ళు తాగిన స్పాంజి, రెండుసార్లు అద్దినా వదులుతుంది. మీ ఊళ్ళో రొయ్యలకి కరువా? ఒలిచిన రొయ్యలు గుప్పెడు వేయండి, పచ్చివే వేయండి, ఓవెన్‌లో ఉడికిపోతాయి.

జనగామ జాంపండు | 10:50
కొరమీను నడుస్తదా? మా దిక్కు అదే దొరుకుతది.

విశాఖ వంటోడు | 11:02
నడుస్తుంది. కండ గట్టిది, ముళ్ళు తక్కువ. కానీ కొరమీను ధరకి దాన్ని పాలల్లో ముంచడానికి మనసొప్పదు నాకు.

జనగామ జాంపండు | 11:04
నాకు గూడ ఒప్పది అన్నా. మా నాయిన ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తడు.

ఖరగ్‌పూర్ కాలనీ | మధ్యాహ్నం 12:30
చిన్న చేర్పు. "ఆకు" వేశాను అన్నారు. అక్కడి బే ఆకూ మన బిర్యానీ ఆకూ ఒకటి కావు. మనది దాల్చినచెక్క జాతి, ఘాటుగా లవంగం, దాల్చినచెక్క వాసన. వాళ్ళది వేరే చెట్టు, వాసన చాలా నెమ్మది. మన ఆకు రెండు వేస్తే పై కాస్తా పలావు అవుతుంది. ఉంటే అర ముక్క వేసి రెండు నిమిషాల్లో తీసేయండి.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇంకోటి. చెడ్డార్ దొరక్కపోతే మామూలు ప్రాసెస్డ్ చీజు క్యూబులు ఈ సాసుకి నిజానికి సులువు. వాటిలో కొవ్వూ నీరూ విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు ముందే కలుపుతారు, విరగమన్నా విరగవు. రుచి కొంచెం ఉప్పన. మొజరెల్లా మాత్రం వద్దు, సాగుతుంది తప్ప సాసు కాదు.

తెల్లకోటు | 12:48
ఇటలీ మిత్రుడొకడు ఉన్నాడు నాకు. ఈ చర్చ గురించి చెబితే పాలు సరే, చేప మీద చీజు తురమడమేమిటని తలపట్టుకున్నాడు. వాళ్ళ పెద్దలు దానికి ఒప్పుకోరట. ప్రతి ఇంట్లోనూ ఒక అత్తగారు.

చలిపిడుగు | తర్వాతి శనివారం రాత్రి 8:55
చెప్పినవి చెప్పినట్టు చేశాను. ఈసారి చేపలు అమ్మే కొట్టుకే వెళ్ళి హాడక్ కొన్నాను, 300 గ్రాములు మామూలుది, 200 పొగది. ముక్క మీద నల్లటి మచ్చ ఉంటే ఏమిటని అడిగాను, సెయింట్ పీటర్ బొటనవేలి ముద్ర అని ఇక్కడివాళ్ళ నమ్మకమట. మా అత్తగారికి ఇది చెబితే, "మన ఉడుతకి రాముడి వేళ్ళు లేవూ" అన్నారు. అక్కడి నుంచి ఆవిడ వంటింట్లోనే కూచున్నారు.

పాలు పొయ్యి మీద పెట్టగానే చేతిలో చెంచా పట్టుకుని గిన్నె దగ్గరే నిలబడ్డారు. ఎందుకంటే, "విరుగుతుందేమో చూస్తా" అన్నారు. చేప వేశాను. మూడు నిమిషాలు. ఐదు. పాలు పాలల్లాగే ఉన్నాయి. నేను నిమ్మకాయ సంగతి చెప్పాను. ఆవిడ ఒక గ్లాసులో కాసిని పాలు పోసి, నిమ్మచెక్క పిండి, ఆ పలుకులు చూసి, "అవును, ఇవే" అన్నారు. గ్లాసు సింకులో ఒంపేసి, "చేప తప్పు కాదన్నమాట. మరి కలిపి తినమని మాత్రం ఎవరూ చెప్పలేదు" అని తేల్చేశారు.

సాసు అద్దంలా వచ్చింది. చీజు మంట తీశాకే వేశాను. సాసు చల్లారేదాకా ఆగడం కష్టమైంది, బాబు ఐదుసార్లు వచ్చి చూశాడు. ట్రేలో నీళ్ళు లేవు, ద్వీపం లేదు. ఇంట్లో పచ్చి బఠాణీలుంటే అవీ వేశాను. బాబు రెండుసార్లు పెట్టించుకుని, బళ్ళోది దీనికన్నా మెత్తగా ఉంటుందన్నాడు. ఏడేళ్ళవాళ్ళు మెచ్చుకోవడం ఇంతేనేమో.

అత్తగారు తినలేదు. పప్పూ అన్నం, ఆవకాయతో భోంచేశారు. ఆవకాయ నా కంచంలో కూడా వేసి, "దానికి కారం లేదు కదా, నంచుకో" అన్నారు. నంచుకున్నాను. చెబితే నమ్మరు, ఆ చప్పటి సాసుకి ఆవకాయ భలే పడింది.

గట్టుమీద గువ్వ | 9:10
ఆవకాయ నంచుకున్నారా! ఇప్పుడు మీరు మా మనిషి.

విశాఖ వంటోడు | 9:26
సాసు చల్లార్చారు చూశారా, అక్కడే సగం మంది తొందరపడతారు. శభాష్.

నిమ్మచెక్క | 9:33
గ్లాసులో నన్ను పిండినందుకు అత్తగారికి నమస్కారాలు.

కొత్తపొయ్యి | మరో వారం తర్వాత, ఉదయం 6:50
పాత చర్చని లేపుతున్నందుకు క్షమించండి. నా దగ్గర ఓటీజీ ఉంది, కరెంటు మీద నడిచే చిన్న ఓవెన్. ఇదే చేశాను, లోపల బాగానే ఉంది గానీ పైన బంగాళాదుంప పది నిమిషాల్లోనే మాడింది. ఎందుకు?

విశాఖ వంటోడు | 7:35
పై రాడ్డు వెలుగుతోందా? మొదటి ఇరవై నిమిషాలు కింది రాడ్డు ఒక్కటే ఉంచండి, ట్రేని కింది అరలో పెట్టండి. చివరి ఐదు నిమిషాలకి రెండూ వేసి, పొయ్యి దగ్గరే నిలబడండి. ఫోన్ చూడొద్దు.

కొత్తపొయ్యి | 7:41
ఫోన్ చూస్తూనే మాడ్చానండి. సాయంత్రం మళ్ళీ చేస్తాను.